రోహిణి ఎండ, బొగ్గు గని, మన మాట

చంద్రపురము జిల్లాలో వేసవి ప్రవేశించిన పిదప ఇద్దరు మనుష్యులు ఎదురుపడినచో మొదటి మాట ఎండను గూర్చియే యుండును. మరాఠీవారికిని, గోండులకును, తెలుగువారికిని ఈ విషయమున భేదము లేదు. 2019 మే నెల చివర ఈ పట్టణమున పాదరసము 48 డిగ్రీల దరిదాపునకు ఎక్కినది. అట్టి దినములలో ఎండ మాట ఎత్తనివారు ఎవరుందురు? కాని ఎండ తీవ్రముగా ఉన్నదని చెప్పుకొనుట ఒకటి. ఏండ్లు గడచిన కొలది అది ఏల పెరుగుచున్నదని చెప్పుకొనుట మరియొకటి. మొదటిది పలకరింపుగా సాగిపోవును. రెండవది పలుమారు తగవుగా ముగియును. లేదా ఎవరును పెదవి విప్పక ఊరకుందురు.

దుర్గాపూరున ఈ మాట మరింత కఠినమైనది. ఒక వంక ఓపెన్‌కాస్టు బొగ్గు గని. మరియొక వంక ఆ బొగ్గును మండించి విద్యుత్తు నిచ్చు సూపర్ థర్మల్ కేంద్రము. ఈ రెంటి నీడలోనే మన కుటుంబములు నిలదొక్కుకొన్నవి. మన పిల్లల చదువులు, ఆడబిడ్డల వివాహములు, స్వగ్రామమున వేసికొన్న పెంకుటిండ్లు బొగ్గు జీతముపైననే జరిగినవి. లోకము వేడెక్కుటకు బొగ్గు ముఖ్య కారణమని శాస్త్రము చెప్పుచుండగా, ఆ మాటను బొగ్గు తవ్విన చేతులకు ఎట్లు చెప్పవలెను? చెప్పకుండ ఎట్లుండవలెను? ఈ ప్రశ్న మన ఇండ్లలో నేడు తండ్రికిని కొడుకునకును నడుమ, తాతకును మనుమరాలికిని నడుమ నిలిచియున్నది. చరిత్ర దీనికి కొంత జవాబు ఇచ్చుచున్నదని మేము తలంచుచున్నాము. దానిని ఇచ్చట పాఠకుల ముందుంచుచున్నాము.

మనము ఇచ్చటికి వచ్చిన తీరు

పూర్వము చాందా అని పిలువబడిన ఈ సీమ గోండు రాజుల రాజధాని. తెలుగు ఈ ప్రాంతమునకు నిన్న మొన్న వచ్చినది కాదు. నైజాము ప్రభువు 1860లో ఆంగ్లేయులకు వదలిన సిరోంచ ప్రాంతము ఆది నుండియు తెలుగు మాటలాడు సీమయే. వర్ధా నదికి ఆవలి గట్టున నున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాజ్యమున ఆదిలాబాదు జిల్లాలోనిదై యుండెను. దుర్గాపూరు చెంత పారు ఇరయి వర్ధలో కలియును. వర్ధ వైనగంగతో కూడి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరము చెంత గోదావరిలో చేరును. కనుక మన పెరటి వాన నీరు తుదకు తెలుగు నేలనే తడుపుచున్నది.

నీరు పోవు త్రోవనే భూమి క్రింద బొగ్గు పొరయు సాగియున్నది. వర్ధా లోయ బొగ్గును, ప్రాణహిత గోదావరి లోయలోని సింగరేణి బొగ్గును ఒకే గోండ్వానా శిలల సంతానము. వరోరా గని 1870ల దశకమున పని ప్రారంభించి 1906లో మూతపడెను. తరువాత బల్లార్‌పూరు గని ముందుకు వచ్చెను. 1973లో గనులు జాతీయము చేయబడినవి. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్సు సంస్థ ఏర్పడినది. 1983లో దుర్గాపూరు విద్యుత్కేంద్రమున మొదటి యూనిట్టు నడువసాగినది. ఈ పనులకై కరీంనగరము, ఆదిలాబాదు, వరంగల్లు వైపుల నుండి తెలుగు కుటుంబములు అనేకము వచ్చి స్థిరపడినవి. వచ్చినవారు కరువును, భూమి లేమిని వెనుకకు వదలి వచ్చిరి. బొగ్గు వారికి అన్నము పెట్టినది. ఈ సంగతిని మరచి వారితో మాట ప్రారంభించువాడు మొదటి వాక్యముననే ఓడిపోవును.

బొగ్గుపులుసు వాయువు కథ

మన పాత తెలుగు పాఠ్యపుస్తకములలో కార్బన్ డయాక్సైడునకు బొగ్గుపులుసు వాయువని పేరు. చక్కని పేరు. బొగ్గు మండినచో పుట్టునదియని పేరులోనే ఉన్నది. గనిలో పనిచేసినవారికి ఇంతకంటె వ్యాఖ్యానము అక్కరలేదు.

1856లో అమెరికా దేశమున యూనిస్ ఫుట్ అను మహిళ గాజుగొట్టములలో వేరువేరు వాయువులు నింపి, ఎండలో ఉంచి, ఉష్ణమాపకములతో పరీక్షించినది. బొగ్గుపులుసు వాయువున్న గొట్టము అన్నిటికంటె ఎక్కువగా వేడెక్కినది. నీడకు తెచ్చిన పిదప చాలసేపటికిగాని చల్లారలేదు. గాలిలో ఈ వాయువు హెచ్చుగా ఉన్నచో భూమియు వేడిగా నుండునని ఆమె వ్రాసినది. ఆల్బనీ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆ పత్రమును ఆమె చదువలేదు. జోసెఫ్ హెన్రీ అను శాస్త్రవేత్త చదివెను. పిదప ఆమె పేరును లోకము ఇంచుమించు నూట ఏబది ఏండ్లు మరచిపోయినది. 1859లో ఇంగ్లండున జాన్ టిండాల్ మరింత నేర్పుగా అట్టి పరిశోధన చేసి కీర్తి గాంచెను. 1896లో స్వీడను దేశపు ఆర్హీనియస్, గాలిలోని ఈ వాయువు రెండింతలైనచో భూమి వేడి 5, 6 డిగ్రీలు పెరుగునని లెక్క కట్టెను. 1938లో గై కాలెండర్ అను ఆవిరియంత్రముల ఇంజనీరు లోకము నలుమూలల నుండి ఉష్ణోగ్రతల పట్టికలు ప్రోగుచేసి, భూమి అప్పటికే వేడెక్కుచున్నదనియు, దానికి బొగ్గు మంట కారణమనియు లండనులో వాతావరణ శాస్త్రజ్ఞుల ముందు చెప్పెను. వారు మర్యాదగా విని సందేహించిరి. ఆయన వారి వృత్తిలోనివాడు కాడు.

1958లో హవాయి ద్వీపమున మౌనా లోవా కొండపై చార్లెస్ కీలింగ్ ఈ వాయువును దినదినము కొలువ నారంభించెను. అప్పుడు గాలిలో పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉండినది. నేడు 420 దాటినది. కొలత విడువక సాగినందున తరువాత సందేహించువారి సంఖ్య తగ్గుచు వచ్చినది.

ఈ కథలో విజ్ఞానము ఎంత యున్నదో మాటను గూర్చిన పాఠమును అంతయే యున్నది. ఫుట్ చెప్పినది నిజము; కాలెండర్ చెప్పినది నిజము. నిజమగుట ఒక్కటియే చాలలేదు. వినువాడు మాటకంటె ముందు మాటాడువానిని చూచును. వీడు ఎవడు, నావాడా, నా మేలు కోరువాడా, ఏ పీటపై కూర్చుండి చెప్పుచున్నాడు అని చూచును. ఇది శాస్త్రజ్ఞుల సభలోనే జరిగినప్పుడు మన వీధి అరుగులపై జరుగుటలో ఆశ్చర్యమేమి?

దివిసీమ నేర్పినది

ఇపుడు మన తెలుగు తీరమునకు వత్తము. గాలిని గూర్చిన హెచ్చరిక ఒకరి నోటి నుండి మరియొకరి చెవికి చేరుటలో ఎట్టి అగాధముండునో, దానిని ఎట్లు పూడ్చవచ్చునో తెలుగువారు అనుభవపూర్వకముగా ఎరిగినంతగా ఎరిగినవారు అరుదు.

1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్టణమును ఉప్పెన ముంచెను. సుమారు 30,000 మంది మరణించిరి. అయినను నూరేండ్లు గడచునప్పటికి ఆ జ్ఞాపకము పలుచబడినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై మరల సముద్రము లేచినది. తుఫాను వచ్చుచున్నదని ఆకాశవాణి హెచ్చరించియే యుండెను. కాని గాలివానను ఎరిగిన పల్లెవాసికి, సముద్రము ఇంటి కప్పును మించిన ఎత్తున ఊరిమీదికి వచ్చునను ఊహ లేదు. వచ్చినచో ఎచ్చటికి పోవలెనో తెలియదు. పోవుటకు మెరక లేదు, ఆశ్రయము లేదు. పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. మాట చేరెను, మాటలోని అర్థము చేరలేదు, చేయవలసిన పని అసలే చేరలేదు.

ఆ తరువాతి పండ్రెండేండ్లలో జరిగిన పని మన చరిత్రలో గర్వింపదగినది. తీరము వెంబడి తుఫాను ఆశ్రయ భవనములు లేచినవి. 1980ల దశకమున ఇన్‌శాట్ ఉపగ్రహము ద్వారా తీరగ్రామములకు హెచ్చరికలు చేరవేయు యంత్రములు అమర్చబడినవి. సైరను మ్రోగి, వెంటనే ఆ ప్రాంతపు భాషలోనే మాట వినవచ్చు ఏర్పాటది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారము చెంత మరల భీకరమైన తుఫాను తీరము దాటెను. బలమున అది 1977 నాటిదానికి తీసిపోవునది కాదు. కాని ఈ సారి తుఫాను రాక ముందే ఆరు లక్షలకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మరణించినవారు వేయి మందికి లోపు. ఆ వేయి మందియు మనవారే. అయినను 1977తో పోల్చి చూడుడు.

సముద్రము మారలేదు. గాలి మారలేదు. మారినది మాట. మొదటిసారి మాట దూరము నుండి, అపరిచితమైన గొంతున, ఏమి చేయవలెనో చెప్పక వచ్చినది. రెండవసారి మన భాషలో, పోవలసిన చోటుతో సహా వచ్చినది. ఊరి అధికారి గడపకు వచ్చి పిలిచెను. పోవుటకు వాహనము వాకిట నిలిచినది. మంచి హెచ్చరిక యనగా ఇది.

ఎండకు సైరను లేదు

తుఫాను కనబడును, ఎండ కనబడదు. తుఫానున పోయినవారిని ఒకచోట లెక్కింపవచ్చును. ఎండకు పోయినవాడు తన మంచముమీద, తన పొలమున, తన రిక్షాలో ఒంటరిగా పోవును. వైద్యుడు గుండె జబ్బని వ్రాయును. కనుక ఎండను గూర్చి మాటలాడుట తుఫానును గూర్చి మాటలాడుట కంటె కష్టము.

2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున 46.8 డిగ్రీల ఎండ కాచినది. ఆ నెలలో మామూలు కంటె 1,344 మరణములు అధికముగా జరిగినవని తరువాత లెక్కలు తేల్చినవి. 2013లో ఆ నగరము వేసవి కార్యప్రణాళికను ఏర్పరచుకొన్నది. ఎండ తీవ్రతను రంగులలో ముందుగా ప్రకటించుట, వడదెబ్బను గుర్తించుటలో వైద్యులకు శిక్షణ, మంచినీటి ఏర్పాట్లు, మధ్యాహ్నపు పని వేళల మార్పు అందలి ముఖ్యాంశములు. దాని వలన ఏటా సగటున వేయికి పైగా మరణములు తప్పినవని పరిశోధకులు అంచనా వేసిరి. 2015 మే నెలలో దేశమున రెండువేలకు పైగా జనులు ఎండలకు మరణించిరి; అందు అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. ఆ వెనుక మన రాష్ట్రములును అట్టి ప్రణాళికలు చేసికొన్నవి.

ఇచ్చటను దివిసీమ పాఠమే మరల కనబడుచున్నది. లోకము ఎన్ని డిగ్రీలు వేడెక్కినదని చెప్పుటకు ముందు, రేపు మధ్యాహ్నము పండ్రెండు మొదలు నాలుగు వరకు ఏమి చేయవలెనో చెప్పినవాని మాట విందురు. ప్రాణము కాపాడు మాట చెప్పినవాడు తరువాత కారణమును గూర్చి చెప్పినను విందురు. ఈ వరుస తలక్రిందులైనచో రెండును వ్యర్థమగును.

మన ఇండ్లలోని మూడు అభ్యంతరములు

ఎండను గూర్చిన మాట మన ఇండ్లలో సాధారణముగా మూడు చోట్ల ఆగిపోవుట మేము గమనించితిమి. మొదటిది పెద్దలది. కళాశాల నుండి వచ్చిన మనుమడు ఏదో చెప్పబోవును. తాత నవ్వి, “ఎండలు మా కాలంల లేకుండెనా బిడ్డా? రోహిణి ఎండకు రోళ్లు పగులుతయని ఊకెనే అన్నరా?” అని అడుగును. మనుమడు అంకెలు చదువును. తాత లేచి మంచినీళ్ళకు పోవును.

ఈ తాత అజ్ఞాని కాడు. ఆయన చేతిలో తరతరముల శాస్త్రమున్నది. కార్తె యనగా సూర్యుడు ఏ నక్షత్రమున నున్నాడో చెప్పు లెక్క. మే 25 ప్రాంతమున రోహిణి. జూన్ 7, 8 తేదీలకు మృగశిర. 21, 22 తేదీలకు ఆర్ద్ర. ఈ లెక్క తప్పలేదు. సూర్యుడు నేటికిని తన కార్తెకు తాను వేళకే వచ్చుచున్నాడు. మారినది సూర్యుడు కాడు. సూర్యునకును మనకును నడుమనున్న గాలి. కనుక తాతతో, “తాతా, మీ కార్తెలు తప్పు కాదు, కాని మీ చిన్ననాట రోహిణి ఎండ ఏ నెలలో మొదలగుచుండెను? రాత్రి ఏ జామున గాలి చల్లబడుచుండెను? ఇరయి వాగున నీరు ఎన్నాళ్ళు నిలుచుచుండెను?” అని అడిగి చూడుడు. ఆయన స్వయముగా మార్పును చెప్పును. రోహిణి ఎండ చైత్రముననే వచ్చుచున్నదని, రాత్రి మంచము ఆరుబయట వేసినను నిద్ర పట్టుట లేదని ఆయన నోటనే వెడలును. ఆయన చెప్పిన పిమ్మట మనము అంకె చెప్పవచ్చును. 2022లో మార్చి, ఏప్రిల్ నెలలలోనే మన దేశమున కాచిన తీవ్రమైన ఎండ, ఈ మార్పు లేని కాలము కంటె సుమారు ముప్పది రెట్లు సంభవింపదగినదిగా అయినదని శాస్త్రజ్ఞులు లెక్కించిరి. మొదట అడుగుట, తరువాత వినుట, ఆ మీదట చెప్పుట యను వరుస ఇచ్చట ఫలించును.

ఇందులోనే మాట తికమకయు ఒకటి కలదు. తెలుగున ఒక నాటి ఎండవానలకును, ఏండ్ల తరబడి సాగు శీతోష్ణస్థితికిని వాతావరణమనియే అనుచున్నాము. అందువలన ఒక ఏడు డిసెంబరున చలి హెచ్చినచో, వేడెక్కుట అబద్ధమని వాదము బయలుదేరును. ఒకనాటి సంతఖర్చు వేరు, ముప్పది ఏండ్ల సంసారపు లెక్క వేరు. శాస్త్రజ్ఞులు శీతోష్ణస్థితిని కొలుచుటకు ముప్పది ఏండ్ల సగటునే తీసికొందురు. ఒకనాడు చేతిలో రూపాయలు ఉన్నంతమాత్రమున అప్పు తీరినట్లు కాదని గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ అభ్యంతరము పొగను గూర్చినది. పొగగొట్టము వైపు చేయి చూపి, “యంత్రములు పెట్టి బూడిద పట్టుచున్నారు గదా, ఇక చిక్కేమి?” అందురు కొందరు. “మన ఊరి ఎండకు ఈ పొగగొట్టమే కారణము” అందురు మరికొందరు. రెండును సవరింపవలసినవే. బూడిద, ధూళి కంటికి కనబడును, ఊపిరితిత్తులను చెరచును, వాటిని యంత్రములు చాల వరకు పట్టగలవు. బొగ్గుపులుసు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అది ఆ యంత్రములను దాటి పోవును. బొగ్గుతో ఒక యూనిట్టు విద్యుత్తు తీసినచో ఇంచుమించు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడును. ఇంటి కరెంటు బిల్లు తీసి చూచినచో ఎవరి లెక్క వారికి తెలియును. ఆ వాయువు దుర్గాపూరున నిలువదు. లోకమంతటి గాలిలో కలియును. మన పొగగొట్టము నుండి పోయినది దివిసీమ సముద్రమును వేడిచేయును. చైనా, అమెరికా పొగగొట్టముల నుండి వచ్చినది మన రోహిణిని వేడిచేయును. చాందా సీమ సముద్రమునకు దూరమైనది, వేసవి గాలులు పొడివి. కనుక ఇది ఎన్నడును వేడి ప్రదేశమే. ఆ పాత వేడికి లోకపు వేడి తోడైనది. ఊరిలో చెట్లు తగ్గి కాంక్రీటు పెరుగుటయు తన వంతు చేర్చినది. ఇట్లు పాలు పాలుగా విప్పి చెప్పినచో వినువాడు నమ్మును. అంతయు ఒకని నెత్తిన రుద్దినచో నమ్మడు, నమ్మకపోవుట న్యాయమే.

మూడవది అన్నిటికంటె లోతైనది. అది తరచుగా మాటగా బయటకు రాదు. “మేము జీవితమంతయు చేసినది పాపమా?” అను బాధ అది. గనిలో దిగి, కూలిన కప్పుల క్రింద నుండి తోటివానిని లాగి, దుమ్ము మ్రింగి, దేశమునకు వెలుగు నిచ్చిన మనుష్యుడు తన మనుమని నోట బొగ్గు దుష్టమని విన్నప్పుడు వినునది శాస్త్రము కాదు, నింద. దీనికి జవాబు ముందుగా చెప్పవలెను, అడుగక ముందే చెప్పవలెను. బొగ్గు తవ్విన కాలమున దేశమునకు బొగ్గు అవసరము. తవ్వినవాడు తన ధర్మము నెరవేర్చెను. అతడు తవ్విన బొగ్గు వెలుగున చదివినవారే నేడు ఆ బొగ్గు హానిని కనుగొనగలిగిరి. ఋణము తీరలేదు, త్రోవ మారవలసి వచ్చినది. ఈ రెండు మాటలను ఒకే గొంతున చెప్పగలుగుట మనకు సాధ్యము. బయటివారికి అంత సులువు కాదు. ఏలయనగా మనము ఆ ఇంటివారము.

త్రోవ మారుట అప్పుడే ప్రారంభమైనది. 2021లో గ్లాస్గో సభలో భారతదేశము 2070 నాటికి తన ఉద్గారములను నికరముగా సున్న చేయుదునని ప్రకటించినది. దుర్గాపూరు కేంద్రములోని మొదటి రెండు 210 మెగావాట్ల యూనిట్లు ఇప్పటికే విశ్రమించినవి. వాని తరువాత కట్టిన పెద్దవి నడచుచున్నవి. ఇది నేటి ఉద్యోగిని భయపెట్టుటకు చెప్పుట కాదు. గని మూతపడుట ఈ జిల్లాకు క్రొత్త కాదు. వరోరా 1906లోనే చూచినది. కాని మూతపడుటను గూర్చి ముందుగా మాటలాడుకొన్న ఊరికిని, ఒకనాటి ఉదయమున నోటీసు చూచి తెలిసికొన్న ఊరికిని చాల భేదమున్నది. మన పిల్లలు ఏమి నేర్వవలెను, బదులు పనులు ఎచ్చట రావలెను, సంస్థలను ఏమి అడుగవలెను అను ప్రశ్నలు ఎండ మాటతో ముడిపడియే యున్నవి. వీనిని విడిచి కేవలము డిగ్రీలను గూర్చి మాటలాడువాని మాటను కార్మికుడు వినడు, వినవలసిన పనియు లేదు.

మరియొక సంగతి. ఎండకు విద్యుత్కేంద్రము సైతము అతీతము కాదు. 2010 వేసవిలో ఇరయి జలాశయము అడుగంటగా నీరు చాలక ఇచ్చటి యూనిట్లను నిలుపవలసి వచ్చినది. బొగ్గు ఉన్నది, మనుష్యులు ఉన్నారు, యంత్రములు ఉన్నవి, నీరు లేదు. ఈ ఉదాహరణమును మేము తరచుగా చెప్పుచుందుము. దీనిలో ఎవరిమీదను నిందలేదు. కొలువును, ఎండయు, నీరును ఒకే త్రాటికి కట్టబడి యున్నవని ఇది పుస్తకము లేకుండగనే బోధించును.

పొరుగువారితో

మనము ఇచ్చట అల్పసంఖ్యాకులము. వీధిలో మరాఠీ, ఇంట తెలుగు, గనిలో హిందీ. కాని ఎండ విషయమున భాషలు దగ్గరివే. మన మృగశిర కార్తెయే వారి మృగ నక్షత్రము. ఇద్దరు రైతులును ఆ దినములకే ఆకాశము వంక చూతురు. మన చలివేంద్రమే వారి పాణపోయీ. చైత్రమున మహాకాళీ యాత్రకు మరాఠ్వాడా నుండియు తెలంగాణము నుండియు వచ్చు భక్తులు అదే ఎండలో అదే అంగణమున నిలుతురు. అచ్చట పెట్టిన ఒక కుండ, రెండు భాషలలో వ్రాసిన నాలుగు వాక్యములు పెద్ద ఉపన్యాసము కంటె మేలు. తల తిరిగి, ఒళ్ళు కాలుచు, మాట తడబడుచున్నవానిని నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిని తడిపి, విసరి, ఆలస్యము లేక వైద్యశాలకు కొనిపోవలెనని ఆ వాక్యములు చెప్పవలెను. స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదని కూడ చెప్పవలెను.

పెద్దల ఆచారములను ఇచ్చట తోడు చేసికొనవచ్చును. అంబలి, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, వట్టివేళ్ళ తడికలు అనుభవము నుండి పుట్టినవి. నీటి కూలరు సైతము వట్టివేళ్ళ తడిక వంటిదే. నీరు ఆవిరియగునప్పుడు గాలి చల్లబడును. కాని జూన్ మొదట గాలిలో తేమ చేరినపుడు కూలరు పనిచేయదు; చెమటయు ఆరదు. అప్పుడు డిగ్రీలు తక్కువగా కనబడినను ప్రమాదము తగ్గినట్లు కాదు. ఈ ఒక్క సంగతిని ప్రతి ఇంట చెప్పుకొన్నను మేలు కలుగును. తెలిసిన ఆచారము నుండి తెలియని విషయమునకు నడిపించుట మంచి బోధకుని పద్ధతి.

భయము మితిమీరరాదని కూడ మేము చెప్పవలసియున్నది. లోకము అంతమగుచున్నదని చెప్పినచో వినువాడు రెండు మార్గములలో ఒకటి పట్టును: నమ్మక నవ్వును, లేదా నమ్మి చేతులు ముడుచుకొనును. 1990లో తీరవాసులకు సముద్రము వచ్చుచున్నదని మాత్రమే చెప్పి ఊరకున్నచో ఎవరును కదలెడివారు కారు. ఆశ్రయము ఇదిగో అని చూపిరి, కదలిరి. భయమును, త్రోవను కలిపి చెప్పవలెను. త్రోవ లేని భయమును చెప్పరాదు.

ఉగాది నాటి మాట

ఇన్ని చెప్పిన పిదప, ఈ మాటకు చోటు ఎచ్చట అని పాఠకులు అడుగవచ్చును. క్రొత్త వేదిక కట్టనక్కరలేదు. గాలివానలను గూర్చి ఊరంతయు కూడి మాటలాడుకొనుటకు తెలుగువారికి ఒక దినము ఏనాడో ఏర్పడియున్నది. అదియే ఉగాది పంచాంగ శ్రవణము. ఏ దేశమున స్థిరపడినను తెలుగువారు దీనిని విడువలేదు. ఆ నాడు మనము మేఘాధిపతి ఎవరని, సస్యాధిపతి ఎవరని, ఈ ఏడు ఎన్ని తూముల వానయని వినుచున్నాము. పంచాంగమును నమ్మువారును, నమ్మనివారును ఒకే చాపపై కూర్చుండి విందురు. ఎవరిని ఎవరును పరిహసింపరు. వాదము లేకుండ ఆకాశమును గూర్చి వినుటకు ఇంతకంటె మర్యాదగల సభ మరియొకటి లేదు. పైగా చంద్రపురమున ఎండలు ముదురుటకు సరిగా ముందే ఉగాది వచ్చును.

కనుక మన సంఘములు పంచాంగ శ్రవణము ముగిసిన వెంటనే అర్ధగంట సేపు “ఎండ పద్దు” చదివించిన బాగుండునని మా విన్నపము. గడచిన వేసవిలో మన ఊర 45 డిగ్రీలు దాటిన దినములు ఎన్ని, ఇరయి జలాశయమున నీరు ఎంత, మన వీధులలో ఒంటరిగా నున్న వృద్ధులు ఎవరెవరి బాధ్యత, మధ్యాహ్నపు షిఫ్టున ఆరుబయట పనిచేయువారికి ఏమి ఏర్పాటు కావలెను అను నాలుగు విషయములు చాలును. దానిని చదువవలసినది బయటి పండితుడు కాదు. గనిలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న పెద్ద ఒకరు, కళాశాలలో చదువుచున్న బాలిక ఒకతె, ఇద్దరును కలిసి చదువవలెను. ఆయన తాను చూచిన వేసవులను చెప్పును. ఆమె కొలిచిన అంకెలను చెప్పును. ఏటేట వ్రాసి ఉంచినచో పది ఏండ్లకు అది మన సొంత పట్టిక యగును. కీలింగు కొండపై చేసినది మూలమున ఇదియే: విడువక కొలుచుట, విడువక చెప్పుట.

యూనిస్ ఫుట్ మాటను లోకము వినియుండినచో ఏమి జరిగియుండెడిదో చెప్పలేము. మన ఇంటి మాటను మన ఇంటివారు వినునట్లు చేయుట మాత్రము మన చేతిలోనే యున్నది. వచ్చు చైత్రమునకు పంచాంగముతో పాటు ఒక క్రొత్త పద్దు పుస్తకమును కూడ సిద్ధపరుపుడని సంఘ సభ్యులను ప్రార్థించుచున్నాము.